నోరు తెరవని కావలివాళ్ళు

ధర్మవరంలో కేశవ ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఆ పేరు గలవాళ్ళు వీధికి నలుగురున్నారు. మూగ మగ్గం కేశవ అని అడగాలి. అప్పుడు టీ బంకు దగ్గర పనిలేక కూర్చున్నవాళ్ళు కూడా లేచి, రెండు సందులు తిప్పి, గడప దాకా దిగబెట్టి పోతారు. పోతూ పోతూ, "మగ్గం మీదుంటే మాత్రం పలకరించొద్దన్నా, కొట్టేటట్ల చూస్తాడు" అని హెచ్చరించి మరీ పోతారు.

కేశవ మూగవాడేమీ కాదు. మగ్గం దిగితే అందరిలాగే మాట్లాడతాడు. నీళ్ళ ట్యాంకరు రాని రోజుల్లో అందరికన్నా నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడతాడు, అవన్నీ ఇక్కడ రాయదగినవి కావు. మూగది ఆ మగ్గం. దాని మీద కూర్చున్నంతసేపు అన్న కేశవ గానీ, తమ్ముడు హరినాథ్ గానీ నోరు తెరిచేవాళ్ళు కాదు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, మీసాలు రాకముందు మొదలుపెట్టి తల నెరిసేదాకా అదే తంతు.

ఎందుకలా అని అడిగితే ఊళ్ళో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెబుతారు. వ్రతమంటారు కొందరు. అన్నదమ్ములకు పడదంటారు ఇంకొందరు. అసలు కారణం ఒక నవల. అది కూడా పురాణమో ఇతిహాసమో కాదు, రైలు స్టేషను దగ్గర శ్రీరంగప్ప నడిపిన అద్దె పుస్తకాల కొట్టులో దొరికిన చవకబారు నవల. పేరు "పాలవెల్లి కావలి". అట్ట మీద ఆకుపచ్చ బిగుతు బనియను తొడుక్కున్న మొనగాడొకడు ఆకాశంలో నిలబడి ఉంటాడు, వాడి నుదుటి నుంచి నీలం రంగు కిరణాలు వస్తుంటాయి. ఆ వేషంలో ఎవరైనా ధర్మవరం బజారులో తిరిగితే కుక్కలు వెంటబడి ఊరు దాటించి వస్తాయి. కానీ బడి మానేసి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న ఇద్దరు పిల్లలకు వాడు దేవుడిలా కనిపించాడు.

కథ ఏమిటంటే, పాలవెల్లి అనే పాలపుంత అంచుల్లో ఒక్కొక్క నక్షత్రం దగ్గర ఒక్కొక్క కావలివాడు ఉంటాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, మనసుతోనే మాట్లాడుకుంటారు. వాళ్ళ శత్రువు ధూమకేతుడు. వాడికి ఏ గ్రహం మీద చిటికె వేసినా వినబడుతుంది, మనసులో అనుకున్నది మాత్రం వినబడదు. అందుకని కావలివాళ్ళు ప్రమాణం చేశారు: నోరు తెరిచినవాడి శక్తి ఆ క్షణమే పోతుంది. శూన్యంలో శబ్దం పోదు గదరా అని హైస్కూలు సారొకాయన నవ్వితే, "ధూమకేతుడి చెవులు వేరే సార్" అని హరినాథ్ పోట్లాటకు దిగాడట. చదివింది హరినాథే. తమ్ముడే అయినా వాడికి అక్షరాలు బాగా నడిచేవి. కేశవ విన్నాడు, నమ్మాడు.

నమ్మడానికి మగ్గం కూడా ఒక కారణం. వాళ్ళు నేసే పట్టుచీరలో ఒంటికి ఒక రంగు, అంచుకు ఇంకొక రంగు. ఎదురెదురు రంగులు కాబట్టి ఒంటి దారం వేరు, అంచు దారం వేరు. ఎడమ పక్క కూర్చున్నవాడు ఒంటి దారం కండె పెట్టిన నాడె విసురుతాడు. అది కుడి అంచు దాకా పోయి ఆగగానే, కుడి పక్క కూర్చున్నవాడు అంచు నాడె విసిరి, ఆ రెండు దారాలనూ ఒకదానితో ఒకటి మెలివేసి పట్టుకోవాలి. పోగు పోగుకూ ఇదే పని. కుడివాడు రెప్పపాటు ఆలస్యం చేస్తే అంచు దారం వదులుగా పడుతుంది, ముందుగా విసిరితే బిగుసుకుపోతుంది. మిగతా మగ్గాల మీద "ఊఁ", "వెయ్", "ఆగు", "నీ యవ్వ, చూసుకోరా" అంటూ పొద్దంతా మాటలు నడుస్తుంటాయి. వీళ్ళు మాత్రం కావలివాళ్ళయిపోయారు. ముందు నోరు తెరిచినవాడు బోరింగు దగ్గరికి పోయి నీళ్ళు మోసుకొచ్చి గోనెపట్టలు తడపాలి, అదీ పందెం. ఆ పొడి గాలికి, నిలువున పరిచిన పట్టు పడుగు పటపటా తెగుతుంది కాబట్టి కిటికీలకు తడి గోనెలు కట్టడం ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్నదే.

మొదట్లో వాళ్ళ నాయన భయపడ్డాడు. పిల్లకాయలిద్దరికీ గాలి సోకిందనుకుని చౌడమ్మ గుడికి తీసుకుపోయి తాయెత్తులు కట్టించాడు. తర్వాత చీర చూశాడు. అంచూ ఒళ్ళూ కలిసే చోట వేలితో తడిమితే గీత తగల్లేదు. ఆయన ఇంక ఆ మాటే ఎత్తలేదు. ఆ తర్వాత చీరల వ్యాపారులు ఆ మగ్గాన్ని చూడడానికే వచ్చేవాళ్ళు. అన్నదమ్ములు భుజం భుజం ఆనించి కూర్చుని, ఒక్క మాట లేకుండా, రెండు నాడెలూ ఒకడి చేతిలోనే ఉన్నట్టు నేస్తుంటే, మాట్లాడే నోళ్ళన్నీ గడప దగ్గరే మూతబడేవి. టీ తాగాలనిపిస్తే ఇద్దరూ ఒకేసారి ఆపేవాళ్ళు. దారం తెగబోతుందంటే తెగకముందే ఇద్దరి చేతులూ ఆగేవి.

నన్నడిగితే, ఏళ్ళ తరబడి ఒకే గుంతలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న ఇద్దరికి ఒకరి ఊపిరి ఒకరికి తెలియడంలో వింతేమీ లేదు. కాడెద్దులకు కూడా తెలుస్తుంది. కేశవ మాత్రం ఒప్పుకోడు. "వాడు లోపల అనుకునేది నాకు వినపడతాది" అనేవాడు. పెళ్ళయ్యాక భార్య యశోదమ్మతో అన్నాడు. ఆమె నవ్వి, "నేననుకునేది వినపడదేం?" అంది. నువ్వు మగ్గం మీద కూర్చోవు కదా అన్నాడు. ఆమె అనుకునేది వినపడి ఉంటే ఆ సంసారం ఏమయ్యేదో అది వేరే విషయం.

నవలకు రెండో భాగం ఉంది. దాన్ని ఎవరో టీచరమ్మ తీసుకుపోయి, ముదిగుబ్బకు బదిలీ అయి, పుస్తకంతో సహా వెళ్ళిపోయింది. శ్రీరంగప్ప పోయాడు, కొట్టు పోయింది, అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అన్నదమ్ములకు ఆ రెండో భాగం కావాలని ఎప్పుడూ అనిపించలేదు. వాళ్ళకు కావలసింది మొదటి భాగంలోనే దొరికింది.

మొన్న ఎండాకాలంలో హరినాథ్ ఆ మగ్గం మీదనే చనిపోయాడు.

మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నారు. పెళ్ళిచీర. గుమ్మఘట్ట వైపు ఎవరో పెద్ద రైతు కూతురిదని వెంకటేశులు చెప్పాడు. వెంకటేశులు అంటే పట్టు ఇచ్చి నేయించుకునే వ్యాపారి, పాతవాడు, నోరు పెద్దదైనా మనసు చెడ్డది కాదు. ఒళ్ళు మామిడిపండు రంగు, అంచు ఎరుపు, జరీతో. కాసేపు బాగానే నడిచింది. తర్వాత కుడి పక్క నాడె ఒకసారి కాస్త ఆలస్యంగా వచ్చింది. కేశవ చూశాడు. ఇంకొకసారి ఆలస్యమైంది. తమ్ముడి భుజం తడిగా తగిలింది. ఎండ గదా అనుకున్నాడు. గోనెలు ఎండిపోయినట్టున్నాయి అనుకున్నాడు. నాడె మళ్ళీ ఆలస్యమైతే, మనసులో అడిగాడు: ఏంరా?

ఏం లేదన్నా, అని జవాబు వచ్చింది. కేశవకు స్పష్టంగా వినబడింది. సరే అని నాడె విసిరాడు.

అలా చాలాసేపు నడిచింది. తర్వాత హరినాథ్ ముందుకు వంగి, దారం చూస్తున్నట్టు పడుగు మీద తల పెట్టాడు. వాడు లేస్తాడని కేశవ చూశాడు. లేవలేదు. ఆసుపత్రిలో డాక్టరమ్మ, గుండెపోటు అని చెప్పి, "చాలాసేపు నొప్పి వచ్చి ఉంటుందే, ఆయన ఏమీ చెప్పలేదా?" అని అడిగింది. ఆమె మామూలుగా అడిగింది, అందరినీ అడిగేదే.

హరినాథ్ భార్య హేమావతి ఆసుపత్రి వరండాలో కేశవ చెయ్యి పట్టుకుంది. బావగారి చెయ్యి పట్టుకోవడం ఆమె ఎరగదు. "బావా, శానాసేపు బాధపడినాడా?" అని అడిగింది.

"లేదమ్మా. ఒక్కసారిగా పోయినాడు. వానికే తెలీలేదు" అన్నాడు కేశవ.

ఆమె తల ఊపింది. ఆ మాట పట్టుకునే దినాల దాకా నిలబడింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పింది: "ఒక్కసారిగా పోయినాడంట. పక్కనే ఉండె మా బావ. ఏం బాధ పడలేదంట." కేశవ ఆ మాట విన్నప్పుడల్లా గోడ వైపు చూసేవాడు.

ఆయన ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని మొదట్లో ఎదురుచూశాడు, రాలేదు. స్నానం చేశాడు, పెట్టింది తిన్నాడు, వచ్చినవాళ్ళకు కుర్చీ వేశాడు. ఒకరోజు పొయ్యి మీంచి దింపిన టీ అలాగే తాగేసి నాలుక కాల్చుకున్నాడు, ఆ సంగతి యశోదమ్మ చూసి అరిస్తే గానీ తెలియలేదు. ఎవరో సినిమా సంగతి చెబితే నవ్వాడు కూడా. లోపల ఎవరూ లేని ఇంట్లో దీపం వేసి పెట్టినట్టు, పైకి అన్నీ జరిగిపోతున్నాయి. దుఃఖమైతే దుఃఖమని చెప్పుకోవచ్చు. అది కూడా లేదు. రోజూ పొద్దున మగ్గం దగ్గరికి పోయి, గుంత అంచున కూర్చుని, కప్పిపెట్టిన చీర మీది గుడ్డను చూసి లేచి వచ్చేవాడు. గుడ్డ తీయలేదు.

తీస్తే ఏం కనబడుతుందో ఆయనకు తెలుసు. అంచు ఎక్కడ వదులైందో అక్కడ తమ్ముడి నొప్పి మొదలైంది. ఎక్కడ ఆగిందో అక్కడ తమ్ముడు ఆగాడు. ఆ నడుమ ఎంత మేర ఉందో అంతసేపు వాడు నొప్పితో నేశాడు. నేత తెలిసినవాడెవడైనా వేలు పెట్టి చెప్పేస్తాడు. హేమావతి పుట్టింట్లోనూ మెట్టింట్లోనూ కండెలు చుట్టింది, మగ్గం ఎక్కకపోయినా బట్ట చూడడం వచ్చు. ఆమె ఆ గదిలోకి రాకుండా ఉంటే చాలునని కేశవ కోరుకున్నాడు. ఆమె చేతిలో ఉన్న ఆ ఒక్క మాటా పోతే, ఆమె ఏమవుతుందో ఆయనకు తెలియదు. తనను ఏమంటుందో అంతకన్నా తెలియదు.

వెంకటేశులు రెండు వారాలు ఓపిక పట్టాడు. మూడోసారి వచ్చినప్పుడు చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడ్డాడు.

"ఏమప్పా కేశవా, నేను రాక్షసుణ్ణి కాదు. కానీ పెండ్లి ఆగదు గదా. నీ చేత కాకుంటే చెప్పు, కోసేసి పడుగు వేరే మగ్గానికి ఎక్కిస్తాను. ఇంకొకణ్ణి కుడిపక్క కూర్చోబెట్టుకుంటానంటావా, మంచిది. ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పు."

"చేస్తాలే అన్నా" అన్నాడు కేశవ.

"ఎప్పుడు?"

కేశవ లోపలికి పోయి కుర్చీ తెచ్చి వేశాడు. వెంకటేశులు తల కొట్టుకుంటూ పోయాడు.

ఆ రోజుల్లోనే జ్యోతి ఫోను పట్టుకుని వచ్చింది. జ్యోతి హరినాథ్ కూతురు. సోమందేపల్లె దగ్గర కంపెనీలో పని చేస్తూ, నాయన పోయాక సెలవు పెట్టి తల్లి దగ్గర ఉంటోంది. తండ్రి పోయినప్పటి నుంచి ఆ పిల్ల నోరు ఆగింది లేదు. కొందరికి అలా ఉంటుంది. ఏడుస్తూ మాట్లాడుతుంది, తింటూ మాట్లాడుతుంది, మాట్లాడటం ఆపితే ఇల్లు కూలుతుందన్నట్టు మాట్లాడుతుంది.

"పెదనాయనా, మీ పుస్తకం దొరికింది. పాతవన్నీ ఎవరో ఫోటోలు తీసి పెట్టినారు. రెండో భాగం కూడా ఉండాది. సదువుతా ఇనుకో" అంది.

ఆయనకు మొదటిసారి ఏదో కదిలింది. మొదటి భాగం చివర విరాజ్ అనే కావలివాడి జతగాడు శతధరుడు ధూమకేతుడి చేతిలో చనిపోతాడు. విరాజ్ తన నక్షత్రం దగ్గర ఒక్కడే నిలబడి, మనసులో ఎంత పిలిచినా అవతల నుంచి చప్పుడు ఉండదు. అక్కడ 'సశేషం' అని ఉంటుంది. చిన్నప్పుడు ఆ పేజీ చదివి హరినాథ్ ఏడ్చాడు. రెండో భాగంలో విరాజ్ ఏం చేశాడో ఇప్పుడు కేశవకు కావాలి. అంత ఆకలిగా ఆయన ఏ కథా వినలేదు. అట్ట మీద రచయిత్రి పేరుంది గానీ, ఆ రోజుల్లో చాలామందిలా ఆడపేరు పెట్టుకున్న మగవాడే కావచ్చు, ఏ గుమాస్తానో కావచ్చు, కానీ ఒంటరిగా మిగిలిన కావలివాడి సంగతి ఒక్కటైనా వాడికి తెలిసి ఉంటుందనుకున్నాడు.

జ్యోతి అరుగు మీద కూర్చుని చదివింది. విరాజ్ మూడు గ్రహాలు దాటి స్ఫటిక గుహకు పోతాడు. గుహలో ఒక ముసలామె ఉంటుంది. స్ఫటికాన్ని చేత్తో పట్టుకుని శతధరుణ్ణి తలుచుకుంటే, శతధరుడు ఆకుపచ్చ బనియనుతో సహా లేచి వచ్చి, "మిత్రమా, నేను నిద్రపోయాను, అంతే!" అంటాడు. ఇద్దరూ కలిసి ధూమకేతుణ్ణి చంపుతారు. శతధరుడికి ముసలామె మనవరాలితో పెళ్ళి.

"బతికించినాడా?" అన్నాడు కేశవ.

"ఆఁ. స్ఫటికంతో."

"బతికించినాడు, ముండాకొడుకు" అన్నాడు కేశవ. గొంతు పెద్దగా లేవలేదు. "అయిపోయింది లే. ఆపు తల్లీ."

జ్యోతి ఆపింది. పెదనాయన ముఖం చూసి ఫోను బోర్లించి పెట్టింది.

కేశవ లేచి మగ్గం గదిలోకి పోయాడు. గుంతలో కాళ్ళు పెట్టి, ఎడమ పక్క తన చోట కూర్చున్నాడు. కుడి పక్క ఖాళీ. మనసులో పిలిచాడు: రే హరీ.

ఏం లేదన్నా, అని జవాబు వచ్చింది.

అదే గొంతు. ఆ మధ్యాహ్నం వినబడినదే, రవ్వంత తేడా లేదు. కేశవ మళ్ళీ పిలిచాడు. ఏం లేదన్నా, అని మళ్ళీ వచ్చింది. నొప్పిగా ఉందారా అని అడిగినా అదే వచ్చింది, ఆకలిగా ఉందారా అన్నా అదే. చచ్చిపోయినవాడు పలకడు. మరి ఈ పలికేది ఎవరు? ఇన్నేళ్ళుగా పలికింది ఎవరు? తమ్ముడి లోపల ఏముందో తనకు వినబడుతుందనుకున్నదంతా తను తమ్ముడికి అప్పగించిన మాటలే. టీ కావాలన్నది తను, చాలన్నది తను, ఏం లేదన్నది తను. పక్కనున్నవాణ్ణి నోరు తెరిచి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అప్పుడైనా ఏడుపు రావాలి, రాలేదు. చీర మీది గుడ్డ తీసేశాడు.

వెనక గడపలో హేమావతి నిలబడి ఉంది. కూతురు చదవడం ఆపేసిందెందుకా అని చూడడానికి వచ్చినట్టుంది, చేతిలో ఇంకా చేట ఉంది.

కేశవకు గుడ్డ మళ్ళీ కప్పేయడానికి అవకాశం ఉంది. కప్పలేదు.

"హేమావతీ, నేను నీకు అబద్ధం చెప్పినా" అన్నాడు.

ఆమె చేట కింద పెట్టింది.

"ఒక్కసారిగా పోలేదమ్మా వాడు. మధ్యాన్నమంతా నొప్పితోనే నేసినాడు. నాడె లేటుగా వస్తాంటే నేను చూసినా. భుజం చెమటతో తడిసిపోయింటే తగిలింది నాకు. ఏమయిందిరా అని అడగలేదు. నోరు తెరవలేదు నేను."

ఆమె అరుస్తుందని, శాపనార్థాలు పెడుతుందని, తల బాదుకుంటుందని కేశవ సిద్ధంగా ఉన్నాడు. ఏది చేసినా ఆయనకు నయంగానే ఉండేది. ఆమె గుంత దగ్గరికి వచ్చి వంగి, "యాడ మొదలైంది?" అని అడిగింది.

ఆయన వేలు పెట్టి చూపించాడు. ఎరుపూ పసుపూ కలిసే చోట దారం చిన్న ఉంగరంలా లేచి ఉంది. దాని తర్వాత ఇంకొకటి, తర్వాత వరసగా. ఆమె అక్కడ వేలు ఆనించి, అంచు వెంట మెల్లగా జరిపింది. రెండు జానలకు పైనే ఉంది. మధ్యలో ఒకచోట నాలుగు పోగులు మళ్ళీ బిగుతుగా పడ్డాయి, ఆ కాసేపు నొప్పి తగ్గినట్టుంది. అక్కడ ఆమె వేలు ఆగింది. తర్వాత చివరిదాకా పోయింది. చివర పడుగు మీద చెమట ఆరిన మరక.

"ఇంతసేపా!" అంది హేమావతి.

"ఇంతసేపు."

ఆమె మరక మీది వేలు తీసింది. తర్వాత, "అడిగింటే చెప్తాండె బావా. నువ్వడిగింటే చెప్తాండె. నాకైతే చెప్పడు గాని, నీకు చెప్తాండె" అంది. తిట్టినట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు అంది. కేశవకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆయన తల ఊపాడు.

గడప దగ్గర జ్యోతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఇప్పుడు దీన్నేం చేస్తావు?" అని హేమావతి అడిగింది.

"ఊడదీయల్ల. ఈ రెండు జానలూ ఊడదీసి మళ్ళీ నేయల్ల. లేకుంటే వెంకటేశులు తీసుకోడు." ఆయన ఆగాడు. "నాకు చేతులు రావడంల్యా. ఇది వాని చేతి పని. ఇంగ మళ్ళీ రాదు."

"పెండ్లికూతురు కట్టుకునే చీర బావా ఇది. ఆ పిల్లకెందుకు మా బాధ? తీసేయాల్సిందే." ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. చౌడమ్మ పటం వైపు ఒకసారి చూసి, భర్త కూర్చునే కుడి పక్కన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంది. ఆ ఇంట్లో కోడళ్ళెవరూ మగ్గం ఎక్కలేదు. కేశవ కాస్త పక్కకు జరిగాడు.

నేయడానికి ఇద్దరు కావాలంటే, ఊడదీయడానికీ ఇద్దరు కావాలి. అది నేత కన్నా కష్టమైన పని. ఒక్కొక్క పోగుకూ పడుగు విప్పి, ఒంటి దారాన్ని ఎడమకు లాగుతుంటే, అంచు దారం మెలి విడిపించి కుడికి తీయాలి. తొందరపడితే పడుగు తెగుతుంది. హేమావతికి ఆ పని తెలియదు. మొదటి పోగుకే తప్పు దారం పట్టుకుంది. కేశవ కళ్ళతో చూపించాడు. ఆమెకు అర్థం కాలేదు. ఆమె పక్క నుంచి ఆయనకు ఏ జవాబూ వినబడలేదు, మనసులో ఏ గొంతూ లేదు.

"అది కాదమ్మా. దాని కిందది" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మగ్గం మీద దారం చేత పట్టుకుని ఆయన అన్న మొదటి మాట అది. అటుపక్క ఉన్నవాళ్ళెవరో అన్నట్టు వినబడింది ఆయనకు.

"ఇదా?"

"ఆఁ. వదులుగా పట్టుకో. ఆగు. ఇప్పుడు లాగు."

దారం వచ్చింది. ఎర్ర పోగు ఒకటి ఆమె చేతిలో మెలికలు తిరిగింది. ఆమె దాన్ని ఒళ్ళో వేసుకుంది. ఇంకొకటి తీశారు. "కిందది." "ఇదా?" "కాదు, జరీ కలిసినది." "ఇంత బిగుసుకుందేం?" "అది వాడు బాగున్నప్పుడు వేసినది, మెల్లగా తియ్." బయట ఎండ మండిపోతోంది, గోనెలు తడపడానికి జ్యోతి బిందె పట్టుకుని పోయింది. మాటలు మాటలే, వాటి వల్ల ఏ నక్షత్రమూ ఆరిపోలేదు. దారం ఒక్కటీ తెగలేదు కూడా. కేశవకు ఒళ్ళంతా నొప్పులు మొదలయ్యాయి. ఇన్నాళ్ళూ ఒళ్ళున్నదే తెలియనివాడికి నడుము నొప్పి తెలిసింది, కాలిన నాలుక మంట తెలిసింది, ఖాళీగా ఉన్న చోట తమ్ముడు లేడన్నది తెలిసింది. కళ్ళు మసకబారి దారం కనబడలేదు. తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

ఒక జాన అయింది. ఇంకొక జాన ఉంది. కుడి పక్క నుంచి దారం కాస్త ఆలస్యంగా రావడం మొదలైంది.

కేశవ చేతులు ఆగిపోయాయి. పక్కకు తిరిగి ఆమె ముఖం చూశాడు. పెదవి బిగపట్టుకుని, తల వంచి, లాగుతూనే ఉంది. జరీ పోగు కోసిన చూపుడు వేలి మీద సన్నగా నెత్తురు గీత.

"నొప్పి పుడతాందా అమ్మా?" అని అడిగాడు.

హేమావతి తల ఎత్తింది. ఏం లేదని చెప్పబోయింది. ఆయన ముఖం చూసి, చెప్పలేదు.

"పుడతాంది బావా" అంది.

"అట్లయితే ఆపుదాం" అన్నాడు కేశవ.